వెనకాలవాళ్లకి వినపడుతోందా?

హలో బాబాయికి అసలు పేరంటూ ఒకటుంది. ఓటర్ల జాబితాలో ఉంది, బ్యాంకు పుస్తకంలో ఉంది. ఆ రెండు చోట్లా తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఊళ్లో ఏ సభ జరిగినా, ఎంత పెద్ద నాయకుడు వచ్చినా, మైకు ముందు మొదట నోరు విప్పేది అతనే. మైకు మీద వేలితో రెండుసార్లు తట్టి "హలో, హలో, వన్ టూ త్రీ" అంటాడు. తర్వాత మెడ సాచి మైదానం చివరిదాకా చూసి, "వెనకాలవాళ్లకి వినపడుతోందా?" అని అడుగుతాడు. వినపడితే వెనకాలవాళ్లు చేతులెత్తాలి. చేతులు లేవకపోతే వెళ్లి స్పీకరు గొట్టం కాస్త తిప్పి వచ్చి మళ్లీ అడుగుతాడు. వేదిక మీద పెద్దమనుషులు గడియారాలు చూసుకుంటున్నా సరే, ఆఖరి వరసలో చెయ్యి లేవనిదే మైకు ఎవరికీ ఇవ్వడు. పిల్లలు హలో బాబాయి అన్నారు, పెద్దవాళ్లకూ అదే నోటికి అలవాటైంది. దాంతో అతని భార్య, ఆవిడ ఇష్టం ఎవరూ అడక్కుండానే, ఊరందరికీ పిన్ని అయిపోయింది.

ఇన్నేళ్లలోనూ ఆ రెండు ముక్కలు తప్ప మూడో ముక్క అతను మైకులో మాట్లాడింది లేదు. షాపు పెట్టి పాతికేళ్లు నిండిన రోజు స్నేహితులు పట్టుబట్టి మైకు చేతిలో పెడితే, హలో అన్నాడు, వన్ టూ త్రీ అన్నాడు, చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టి దిగిపోయాడు. మైకు మనది, మాట వాళ్లది అనేవాడు. అతని వ్యాపారమంతా ఆ ఒక్క కట్టుబాటు మీదే నిలబడింది.

అలాంటి మనిషికి ఆ శనివారం పొద్దున ఒక మాట పచ్చి వెలక్కాయలా గొంతులో అడ్డం పడింది. అది కొత్తగా పడింది కాదు, పన్నెండేళ్లుగా అక్కడే ఉంది. మాస్టారు పోయి పది రోజులైంది. పదకొండు గంటలకు టౌన్ హాల్లో సంతాప సభ. మైకులు పెట్టాల్సింది బాబాయే. ఆ మాట చెప్పాలంటే ఇవాళే చెప్పాలి, చెబితే షాపు ఉంటుందో లేదో తెలియదు. చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు.

నాయకుల గురించి మైకువాడికి తెలిసినంత వాళ్ల డాక్టరుకు కూడా తెలియదు. వేదిక పక్కన ఒక మూల, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాడు. బల్ల మీది మైకుల తీగలన్నీ అతని ముందున్న పెట్టెలోకి వస్తాయి. ఎవరి మాట బయటి స్పీకర్లకు వెళ్లాలో, ఎవరిది వెళ్లకూడదో ఆ పెట్టె మీది నాబులు చూసుకుంటాయి. బయటి నాబు మూసి ఉన్నా, తీగ పని చేస్తోందో లేదో తెలియడానికి అతని చెవుల్లోకి మాత్రం మాట వస్తూనే ఉంటుంది. అందువల్ల మైకు కట్టేసి ఉందన్న ధైర్యంతో నాయకులు పక్కవాళ్లతో గుసగుసలాడినవన్నీ బాబాయి విన్నాడు. ప్రజలే నా ప్రాణం అని చెప్పి కూర్చున్న ఒకాయన, ఈ చెమట కంపు ఇంకెంతసేపు అని పక్కాయన్ని అడగడం విన్నాడు. పోయిన స్నేహితుడి పటం ముందు కళ్లు తుడుచుకున్న ఇంకొకాయన, భోజనాలు ఎక్కడ అని వాకబు చేయడం విన్నాడు. విన్నవన్నీ కడుపులో పెట్టుకున్నాడు. ఎన్నికలప్పుడు ఓటు మాత్రం వాటిని బట్టే వేసేవాడు. ఒక్కోసారి ఎవరికీ వేయకుండా ఇంటికి వచ్చేసేవాడు.

మాస్టారి దగ్గర అతని లోకజ్ఞానం ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మాస్టారు ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. తర్వాత పార్లమెంటుకు వెళ్లారు, మంత్రి అయ్యారు, ఆఖరికి అయిదేళ్లు దేశానికి ప్రధానిగా ఉన్నారు. ప్రధాని అయ్యాక కూడా ఊళ్లో ఆయన మాస్టారే. ఎక్కాలు అప్పజెప్పలేక ఆయన దగ్గర గోడకుర్చీ వేసినవాళ్లు ఊళ్లో సగం మంది ఉన్నారు. వాళ్ల నోట ఇంకో పిలుపు ఎలా వస్తుంది? ఆయనకు దేవుడంటే నమ్మకం. దాన్ని జెండా చేసి ఊపలేదు, ఎవరి నెత్తినా రుద్దలేదు. చేతనైన పూట వెళ్లి ప్రార్థన మందిరం ఊడ్చి వచ్చేవారు, అంతే.

సభల్లో మాట్లాడటానికి లేచే ముందు ఆయన అర నిమిషం తల వంచుకుని బల్లవైపు చూసేవారు. ఉపన్యాసం కాగితం చూసుకుంటున్నారని జనం అనుకునేవాళ్లు. అక్కడ కాగితం లేదని బాబాయికి ఒక్కడికే తెలుసు. మొదటిసారి హెడ్‌ఫోన్లలో ఆ గొణుగుడు విని ఉలిక్కిపడ్డాడు. నా గొప్ప చెప్పుకోకుండా చూడు దేవుడా, ముందు వరసలో పిల్లలు ఎండలో ఉన్నారు, తొందరగా ముగించే బుద్ధి ఇవ్వు అంటున్నారాయన. బాబాయి, పొరపాటున స్నానాల గది తలుపు తోసినవాడిలా గబుక్కున హెడ్‌ఫోన్లు తీసేశాడు. ఆ రోజు ప్రధానిగారు పది నిమిషాల్లో ముగించి కూర్చుంటే, ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు.

రెండోసారి హెడ్‌ఫోన్లు తీయలేదు. మూడోసారి ఎదురుచూశాడు. దాన్ని దొంగతనం అనక ఇంకేమనాలి? చెవులతో చేసిన దొంగతనం. బాబాయి దేవుణ్ణి పెద్దగా పట్టించుకున్నవాడు కాదు, ప్రార్థన మందిరానికి కూడా మైకు పెట్టడానికి తప్ప వెళ్లలేదు. కానీ ఆ అర నిమిషం తెలియకుండానే తనూ కళ్లు మూసుకునేవాడు. మూసిన మైకు ముందు కూడా ఒకేలా మాట్లాడే మనిషి ఉన్నాడని అతనికి అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి పిన్నికి చెబితే, "మీరు మాత్రం అటూ ఇటూ ఒకటే. ఎక్కడా మాట్లాడరు" అంది ఆవిడ.

బాబాయికి ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రతి మైకుకూ మెడ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. నాయకుల వేళ్లు ఊరుకోవు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని గెలికి ఆపేసి, గొంతు వినపడకపోయేసరికి మైకువాడి మీద విరుచుకుపడతారు. అందుకని ప్రతి స్విచ్ మీదా నల్ల టేపు మూడు చుట్లు చుట్టేసేవాడు. ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. మాస్టారు ఒకసారి ఆ టేపును గోటితో గీకి, దీనికి దెబ్బ గానీ తగిలిందా అని అడిగారు. పెద్దల బారి నుంచి దానికి రక్షణండి అన్నాడు బాబాయి. మాస్టారు భుజాలు కదిలేలా నవ్వారు.

పన్నెండేళ్ల కిందట, ఎన్నికలకు పది రోజుల ముందు, మాస్టారు సొంత ఊళ్లో సభ పెట్టారు. అప్పటికే దేశమంతా తిరిగి గొంతు పోగొట్టుకుని ఉన్నారు. దేశంలో ప్రతి బడికీ మంచినీళ్ల కుళాయి పెట్టిస్తానని అంతకు అయిదేళ్ల ముందు ఆయన మాట ఇచ్చారు. అన్ని బడుల్లోనూ పెట్టేశామని ఆ సభలో ఆయన కంటే ముందు మాట్లాడిన పార్టీ కార్యదర్శి బల్ల గుద్ది చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మాట్లాడాల్సింది మాస్టారే. ఆయన ఎప్పటిలాగే తల వంచారు.

హెడ్‌ఫోన్లలో గొంతు సరిగ్గా వినపడలేదు, గాలి మాత్రం వస్తోంది. బాబాయి కళ్లు మూసుకుని, తన చెవుల్లో శబ్దం పెంచుకుందామని నాబు తిప్పాడు. పెరగలేదు. ఇంకాస్త తిప్పాడు. అప్పటికీ పెరగలేదు. అతని వేళ్లు పట్టుకున్నది తన నాబు కాదు, దాని పక్కనున్న బయటి నాబు. చెవులు మూసుకుని ఉన్నాడు కాబట్టి మైదానం మొత్తంలో ఆ సంగతి తెలియనివాడు అతనొక్కడే. మిగతా పదివేల మందికీ మాస్టారి గొంతు గొట్టాల్లోంచి బాగానే వినపడింది.

"దేవుడా, నాకు గెలవాలని ఉంది. అన్ని బడుల్లో కుళాయిలు పెట్టామని మావాళ్లు ఇప్పుడే చెప్పారు. సగం బడుల్లో కూడా లేవని నాకు తెలుసు. అవునని ఊరుకుంటే గెలుస్తానేమో. ఆ మాట నా నోట రానివ్వకు. ఓడిపోతే ఓర్చుకునే బలం ఇవ్వు. కుళాయిల పని మాత్రం ఆగనివ్వకు."

బాబాయి కళ్లు తెరిచి హెడ్‌ఫోన్లు తీసేసరికి మైదానంలో చంటిపిల్లల ఏడుపు తప్ప ఇంకో చప్పుడు లేదు. కార్యదర్శి మొహంలో నెత్తురుచుక్క లేదు. బాబాయి అప్పుడు తన వేళ్లు ఎక్కడున్నాయో చూసుకున్నాడు. మాస్టారికి మాత్రం విషయం అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. లేచి నిలబడి, మీరు విన్నారు కాబట్టి ఇక నేను కొత్తగా చెప్పేదేమీ లేదన్నారు. కుళాయి ఉన్న బడులెన్నో, లేనివెన్నో రెండు అంకెలు చెప్పి కూర్చున్నారు.

సభ అయిన అయిదు నిమిషాలకు వేదిక వెనక కార్యదర్శి బాబాయి కాలరు పట్టుకున్నాడు. ఎవరు చేయించారు ఈ పని, ఎంత ముట్టింది, పోలీసుల్ని పిలవండి అని రంకెలు వేశాడు. విలేకరులు చుట్టూ మూగారు. అప్పుడు మాస్టారు ఆ మైకును బల్ల మీంచి తీసి చేత్తో పట్టుకుని వచ్చారు.

"ఆయన్ని వదలండి. నా మైకుకు స్విచ్ ఉంది. ఆపడం నేనే మరిచిపోయాను. నా మతిమరుపుకు పక్కవాణ్ణి కొడితే ఎలా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన పిడికిలి మైకు మెడ చుట్టూ బిగిసి ఉంది. వేళ్ల సందులోంచి నల్ల టేపు అంచు బాబాయికి కనిపించింది. స్విచ్ ఆపడం ఎవరి తరమూ కాదని ఆ గుంపులో తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకాయన అబద్ధం చెప్పారు. రెండోవాడు నోరు మూసుకుని నిలబడ్డాడు.

ఎన్నికల్లో మాస్టారు ఓడిపోయారు. ఆ ప్రార్థన వల్లే ఓడారని కొందరూ, ధరల వల్ల ఎలాగూ ఓడేవారని కొందరూ అన్నారు. ఏదైతేనేం, ప్రధాని పదవి పోయి మతిమరుపు మాస్టారన్న పేరు మిగిలింది. పత్రికల్లో ఆయన బొమ్మ వేస్తే పక్కన ఒక స్విచ్ వేయకుండా ఊరుకునేవాళ్లు కాదు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా బాబాయికి ముద్ద దిగేది కాదు.

మాస్టారు ఒక ట్రంకు పెట్టెతో మామూలు బస్సులో ఊరికి తిరిగొచ్చారు. బడి వెనకాల రెండు గదుల పాత ఇంట్లో దిగారు. మూడో రోజు బాబాయి ధైర్యం కూడదీసుకుని వెతుక్కుంటూ వెళితే, ప్రార్థన మందిరం వసారా ఊడుస్తూ కనిపించారు.

"మాస్టారూ, ఆ రోజు నాబు తిప్పింది..."

"తెలుసు."

"స్విచ్ మీద టేపు..."

"అదీ తెలుసు. మూడు చుట్లు."

బాబాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా కోసం అబద్ధం చెప్పారు, అది కూడా ఆ ప్రార్థన చేసి గంట తిరక్కుండానే అన్నాడు. మాస్టారు చీపురు గోడకు ఆనించి మెట్టు మీద కూర్చున్నారు.

"చెప్పాను. తప్పే. ఆ సంగతి ఆ రోజే పైవాడికి విన్నవించుకున్నాను. అప్పుడు మైకు లేదు కాబట్టి నువ్వు వినలేదు."

తన దొంగతనం కూడా ఆయనకు తెలుసని అప్పుడు అర్థమై బాబాయి తలెత్తలేకపోయాడు. ఊరందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. బడికెళ్లే ఆడపిల్ల ఉంది, షాపు మూతపడితే దాన్ని ఎవరు చదివిస్తారని కసిరారు. "నేనున్నన్నాళ్లూ ఈ మాట ఎత్తకు" అన్నారు. తర్వాత, ఏదో చిన్న సాయం అడిగినట్టు, నీ వ్యాను ఖాళీగా ఉండే రోజులేవి, పైపులు మోయాలి అన్నారు.

అలా మొదలైంది. మాజీ ప్రధాని అర్జీ పట్టుకుని నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా గది ముందు బెంచీ మీద కూర్చునేవారు. వృత్తి అన్న చోట రిటైర్డ్ టీచర్ అని రాసేవారు. లోపలికి రమ్మని ఆఫీసరు పరుగెత్తుకొచ్చినా, నా ముందు నలుగురున్నారు అని కదిలేవారు కాదు. తన వంతు వచ్చాక మాత్రం పైపులు మంజూరయ్యేదాకా లేచేవారు కాదు. ఆఫీసువాళ్ల తల ప్రాణం తోకకొచ్చేది. స్పీకర్లు మోయాల్సిన వ్యానులో బాబాయి పైపులు మోశాడు. ఎక్కడికి వెళ్లినా, వ్యాను ఎక్కగానే మాస్టారు అర నిమిషం తల వంచేవారు. పెదవులు కదిలేవి గానీ మాట వినపడేది కాదు. బాబాయి వినాలని చూడలేదు. ఇంజను ఆపి తనూ కూర్చునేవాడు.

పన్నెండేళ్లలో చుట్టుపక్కల రెండువందల పద్నాలుగు బడుల్లో కుళాయిలు పడ్డాయి. ఎక్కడా ఆయన పేరు లేదు. శిలాఫలకం వేయిస్తామని ఒక హెడ్మాస్టరు పట్టుబడితే, ఆ రాయేదో కుళాయి కింద పరిపించండి, పిల్లలు బురదలో జారకుండా ఉంటారు అన్నారు. ఆ బడిలో ఇప్పటికీ పిల్లలు ఆ రాయి మీదే నిలబడి నీళ్లు తాగుతారు. పోవడానికి నెల ముందు కూడా, మంచం మీద నుంచే, కొండ అవతలి బడి అర్జీ ఏమైందని ఆయన బాబాయిని అడిగారు.

ఆ శనివారం పొద్దున పిన్ని ఇస్త్రీ చొక్కా తెచ్చి ఇచ్చింది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి గొడవ పూట గడవకముందే నాలుగు వీధులకు చేరుతుందంటే ఆ పుణ్యం ఆవిడదే. అలాంటి ఆవిడ ఈ ఒక్క సంగతీ పన్నెండేళ్లు బయటికి రానివ్వలేదు.

"చెప్పేదుంటే చెప్పేసి రండి. నాకు దవడలు నొప్పి పుడుతున్నాయి" అంది.

షాపు ఇప్పుడు కూతురిది. మూడేళ్లుగా అంతా ఆమే చూసుకుంటోంది. పాత పెట్టె తీసేసి దీపాలు మెరిసే కొత్త పెట్టె కొంది, పాత గొట్టాలను గోడకు అలంకారంగా తగిలించింది. వ్యాను కూడా ఆమే నడుపుతుంది, తండ్రి నడిపితే ప్రతి గుంతనూ పలకరించుకుంటూ వెళతాడని. టౌన్ హాలుకు వెళ్లే దారిలో బాబాయి ఆమెకు మొత్తం చెప్పాడు. ఆమె వ్యాను రోడ్డు పక్కన ఆపింది.

"పార్టీలవాళ్లు మనల్నే ఎందుకు పిలుస్తారో తెలుసా నాన్నా? మన స్పీకర్లు గొప్పవని కాదు. మన దగ్గర మాట దాగుతుందని. ఒక ప్రధాని ప్రార్థన చాటుగా విన్నామనీ, దాన్ని ఊరంతటికీ వినిపించామనీ తెలిస్తే, రేపటి నుంచి మన మైకు ముందు కూర్చునేదెవరు?"

ఆమె చెప్పిన దాంట్లో తప్పు లేదు. ఆయనే వద్దన్నారుగా అని మళ్లీ అందామె. ఉన్నన్నాళ్లూ వద్దన్నారు తల్లీ అన్నాడు. ఆమె మొహం తిప్పుకుంది. కూతురి మొహం అలా చూసి అతను తట్టుకోలేకపోయాడు. సరేలే, చెప్పనులే, నడుపు అన్నాడు. నిజంగానే చెప్పకూడదని అనుకున్నాడు.

టౌన్ హాలు కిక్కిరిసింది. రాజధాని నుంచి వచ్చిన పెద్దలు ముందు వరసల్లో కూర్చున్నారు. వెనకాల గోడకు ఆనుకుని పైపుల మేస్త్రీలు, బడుల్లో ఊడ్చే ఆడవాళ్లు, గోడకుర్చీ వేసిన పాత విద్యార్థులు నిలబడ్డారు. బాబాయి మైకు తట్టాడు, హలో అన్నాడు, వెనకాలవాళ్లను అడిగాడు. చేతులు లేచాయి. దిగి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు ఆమె చెవులకున్నాయి, నాబు మీద ఆమె వేళ్లున్నాయి.

ఆనాటి కార్యదర్శి మాట్లాడటానికి లేచాడు. జుట్టు తెల్లబడింది గానీ గొంతు తగ్గలేదు. మాస్టారి మీద అతనికి ప్రేమ లేదని అనడానికి వీల్లేదు, మాట్లాడుతూ రెండుసార్లు ఆగి కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయన జన్మలో ఒక్క అబద్ధం ఆడలేదన్నాడు. ఆ తర్వాత సభను కాస్త తేలికపరుద్దామని కాబోలు నవ్వాడు.

"కానీ ఏం మతిమరుపండీ మహానుభావుడిది! మైకు ఆపడం మరిచిపోయి ఏకంగా ప్రభుత్వాన్నే పోగొట్టుకున్నారు."

హాలంతా నవ్వింది. ప్రేమగానే నవ్వారు. పటంలో ఉన్న మాస్టారు కూడా నవ్వు మొహంతోనే ఉన్నారు. కాదు అని చెప్పడానికి ఆయన లేరు, చెప్పగలిగినవాడు ఇంకొకడే ఉన్నాడు. బాబాయి ఎప్పుడు లేచాడో, మెట్లెప్పుడు ఎక్కాడో అతనికే తెలియదు. మైకువాడు వేదిక ఎక్కితే ఎవరైనా తీగ ఊడిందనుకుంటారు. కార్యదర్శి కూడా అలాగే అనుకుని, మాట మధ్యలో ఆపి మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు.

బాబాయి మైకు మీద వేలితో తట్టాడు. చప్పుడు లేదు. ఇంకోసారి తట్టాడు. లేదు. తీగ బాగానే ఉంది, స్విచ్ మీద టేపు బాగానే ఉంది. అతను తలెత్తి కూతురి వైపు చూశాడు.

ఆమె నాబు మూసేసింది. తండ్రి వైపే చూస్తోంది. హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మైకు బాగు చేస్తున్నారనుకుని ఓపిగ్గా కూర్చున్నారు. మైకు లేకుండా చెప్పవచ్చు. చెబితే ముందు వరసల పెద్దలకు వినపడుతుంది, గోడ దగ్గరివాళ్లకు వినపడదు. బాబాయి చెప్పలేదు. కూతురిని బతిమాలలేదు, చెయ్యి కూడా ఊపలేదు. మైకు ముందు ఊరికే నిలబడ్డాడు. ఆ పెట్టె ఇప్పుడు ఆమెది, షాపు ఆమెది, రేపటి తిండి ఆమెది. మూయడానికి ఆమెకు హక్కుంది.

ఆమె తల వంచుకుంది. అర నిమిషం అలాగే ఉంది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, నాబు పూర్తిగా తిప్పింది.

"హలో. వన్ టూ త్రీ."

కొందరు నవ్వారు.

"నాకు ఇంతవరకే వచ్చు. ఇవాళ ఇంకాస్త చెప్తాను. ఆ రోజు మాస్టారి మైకు తెరిచింది నేను. ఆయన ప్రార్థన వినాలని ఆశపడ్డాను. సరిగ్గా వినపడకపోతే నాబు తిప్పాను, అది తప్పు నాబు. స్విచ్ ఆపడం ఆయన మరిచిపోలేదు. ఆ స్విచ్ ఆగదు. దాని మీద ఇదిగో ఇలాగే టేపు చుట్టి ఉంది, చుట్టింది నేనే. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయనకు మతిమరుపు లేదు. నా బిడ్డ పేరు, మీ పిల్లలకొచ్చిన మార్కులు, ఏ బడికి కుళాయి లేదో, అన్నీ పోయేదాకా గుర్తున్నాయి. ఆయన జన్మలో అబద్ధం ఆడలేదని అన్నారు. ఒకటి ఆడారు. నన్ను కాపాడటానికి ఆడారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. పన్నెండేళ్లు మీరు ఆయన్ని చూసి నవ్వుతుంటే కూడా ఊరుకున్నాను."

కార్యదర్శి పన్నెండేళ్ల కిందట కాలరు పట్టుకున్న తన చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. వేదిక మీద మాట్లాడినవాళ్లు ఆఖరున నమస్కారం పెడతారనో, కృతజ్ఞతలు చెబుతారనో బాబాయికి గుర్తు రాలేదు. మైకు ముందు నిలబడితే అతనికి తెలిసిన పని ఇంకొకటే. మెడ సాచి, పెద్దల తలల మీదుగా, ఆఖరి వరసలోకి చూశాడు.

"వెనకాలవాళ్లకి వినపడిందా?"

గోడ దగ్గర పైపుల మేస్త్రీ ముందుగా చెయ్యెత్తాడు. అతని పక్కన బడి ఊడ్చే ముసలావిడ ఎత్తింది. ఆ తర్వాత వరసంతా ఎత్తింది. వేదిక పక్కనే, రెండడుగుల దూరంలో కూర్చున్న కూతురు కూడా చెయ్యెత్తింది.